గోంగూర పక్కన గాజు గ్లాసు

అరిటాకు భోజనానికీ వైన్‌కీ పొత్తు కుదురుతుందా? బెంగళూరులో నాలుగు సీసాలతో, ఒక పార్సిల్ భోజనంతో చేసిన విచారణ.

"వచ్చే ఆదివారం ముఖచిత్ర కథనం వైన్ మీదండీ. ఏ వంటకంతో ఏ వైన్ అన్నది. బుధవారం సాయంత్రానికి పంపేయండి" అన్నారు సంపాదకులు. నాకు దాని సంగతి పెద్దగా తెలీదన్నాను. "బెంగళూరులోనే ఉంటున్నారు కదా!" అని ఫోన్ పెట్టేశారు.

నా అపనమ్మకం ముందే చెప్పేస్తాను. గ్లాసు గిరగిరా తిప్పి, అందులో ముక్కు దూర్చి, "తడిసిన రాయి, ఎండిన గడ్డి, దూరంగా జామపండు" అని వర్ణించేవాళ్లని చూస్తే నాకు చిలక జోస్యమే గుర్తొస్తుంది. పైగా మన వైపు వైన్ అన్న మాట చాలాకాలంగా బోర్డు మీదే ఉంది. "వైన్స్" అని పెద్దక్షరాలు రాసిన దుకాణంలో విస్కీ, బ్రాందీ, రమ్, బీరు అన్నీ దొరుకుతాయి. వైన్ అడిగితే మాత్రం కౌంటర్‌లో కుర్రాడు మనల్ని ఎగాదిగా చూసి, పైఅరలో దుమ్ము పట్టిన సీసా ఒకటి తీసి తుడుస్తాడు. ఆ సరుకు పేరుతో మిగతా సరుకంతా అమ్ముడవడం భాషలో జరిగిన చిత్రం.

బెంగళూరులో పరిస్థితి కొంత నయం. కర్ణాటక 2007లో ద్రాక్ష, వైన్ కోసం విడిగా ఒక విధానం తెచ్చింది, దానికో బోర్డు పెట్టింది. వైన్‌కి ఇక్కడ సొంత అర ఉంది. ఆ అరలోంచి కర్ణాటక ద్రాక్షతోనే చేసిన ఒక ఎర్ర వైన్ సీసా తీసుకుని, ఇంటికొచ్చి, వెనక అంటించిన చీటీ చదవడంతో పని మొదలుపెట్టాను. నా వారంలో సగం ఆ చీటీ దగ్గరే గడిచిపోయింది.

చీటీలో ఒకే ఒక్క మాట

చీటీలో ఉన్నది నాలుగు వాక్యాలు. కాల్చిన మాంసంతో బాగుంటుందట, పాస్తాతో బాగుంటుందట, ముదురు చీజ్‌తో బాగుంటుందట. ఆఖర్న, గుర్తొచ్చి చేర్చినట్టు, "స్పైసీ ఇండియన్ ఫుడ్" తో కూడా.

ఈ స్పైసీ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఇంగ్లీషులో ఏలకులు స్పైసీ, మిరపకాయ స్పైసీ, ఆవపిండి కూడా స్పైసీ. మన నోటికి ఆ మూడూ మూడు లోకాలు. ఏలకులు, లవంగం, దాల్చినచెక్క మసాలా. మిరపకాయ కారం. ఆవకాయ జాడీ మూత తీయగానే ముక్కుకి ఎక్కేది ఘాటు. వీటిలో దేనితో ఆ వైన్ బాగుంటుందో చీటీ రాసినవారు చెప్పలేదు. చెప్పడానికి వాళ్ల చేతిలో మాటే లేదు.

మసాలాతో ఎర్ర వైన్‌కి గొడవేం లేదు. షిరాజ్ అనే ఎర్ర ద్రాక్ష వైన్లో మిరియాల వాసన వస్తుందని తాగేవాళ్లు ఎప్పటినుంచో అంటున్నారు. అది చిలక జోస్యం కాదని 2008లో తేలింది. షిరాజ్‌లో ఆ వాసననిచ్చే రోటుండోన్ అనే పదార్థమే మిరియాల్లోనూ ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు పట్టుకున్నారు. మిరియాల కోడి వేపుడికి షిరాజ్ దూరపు చుట్టమేమీ కాదన్నమాట. తంటా అంతా మిరపకాయతోనే. మన వంటకి మిరపకాయే ప్రాణమాయె!

చీటీలో ఇంకో మాట "టానిన్". దీనికి నిఘంటువు అక్కర్లేదు. నేరేడుపళ్లు దోసెడు తిన్నాక నాలుక బిగుసుకుపోయి అంగిలికి అంటుకున్నట్టుంటుందే, అదీ సంగతి. వగరు. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వైన్‌లోకి దిగే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లని పట్టేసుకుంటాయి, నోట్లో జిగురు పోయి గరుకు తేలుతుంది. తొక్కతో కలిపి పులియబెడతారు కాబట్టి ఎర్ర వైన్లో వగరు ఎక్కువ. రసం తీసి పులియబెట్టే తెల్ల వైన్లో అది నామమాత్రం.

అక్కడ నాకు ఉగాది పచ్చడి గుర్తొచ్చింది. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు. ఈ లెక్కన వైన్లో ఏమున్నాయి? పులుపు ఖాయం. వగరు ఎర్రదాంట్లో ఖాయం. చేదు కాస్త. తీపి కొన్నిట్లో. లేనివి ఉప్పు, కారం. రెండు రుచులు తక్కువైన ఉగాది పచ్చడి అది. ఆ రెండూ విస్తట్లోంచి రావాలి. ఉప్పు వస్తే మేలే, చేదుని అణిచి వైన్‌ని మెత్తబరుస్తుంది. కారం వస్తేనే కథ అడ్డం తిరుగుతుంది.

నాలుగు గ్లాసులు, ఒక ఆకు

రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున హోటల్ 1984 నుంచి అరిటాకులో ఆంధ్రా భోజనం వడ్డిస్తోంది. ఆ తర్వాత నగరమంతా అదే దారి పట్టింది. "ఆంధ్రా మీల్స్" ఇప్పుడు బెంగళూరు సొంత తిండి. కన్నడిగులూ తమిళులూ ఉత్తరాదివాళ్లూ మధ్యాహ్నం పన్నెండున్నరకే వరసలో నిలబడి, పప్పు, పొడి, నెయ్యి అని తెలుగులోనే అడుగుతారు. ఆకుపచ్చగా, పచ్చిమిర్చి ముద్దలో మగ్గినట్టుండే "ఆంధ్రా చిల్లీ చికెన్" అనే వంటకం మా ఊళ్లో నేనెప్పుడూ తినలేదు. ఇక్కడ అది లేని ఆంధ్రా హోటల్ మెనూ అరుదు.

మా వీధి చివరి మెస్‌లో ఇద్దరికి సరిపడా పార్సిల్ కట్టించాను. పెద్ద హోటల్లో వైన్ వడ్డించే మిత్రుణ్ని పిలిచాను. మదనపల్లె మనిషి. నాలుగు సీసాలు వరసగా పెట్టాడు: నురగ వచ్చే తెల్ల వైన్, పుల్లని సవిన్యోఁ బ్లాఁ, కాస్త తీపి మిగిలిన షెనిన్ బ్లాఁ, ఎర్ర షిరాజ్. నేను వెంటనే గ్లాసు పట్టుకున్నాను. "అది అట్ల పెట్టు అన్నా, ముందు ముద్ద కలుపు" అన్నాడు.

అతను చెప్పిన మొదటి సంగతే నన్ను కుదిపింది. "మా హోటల్లో ప్లేటు తర్వాత ప్లేటు వస్తది. ఒక ప్లేటు, ఒక వైన్. ఆకు మీద అన్నీ ఒకేసారి ఉండాయి. ఏ ముద్దలో ఏముంటదో నీకే తెలీదు, నేనేం వైన్ చెప్పేది?" నిజమే. పుస్తకాల్లోని జతల పట్టికలన్నీ వంటవాడు పూర్తిచేసి పంపిన ప్లేటుని చూసి రాసినవి. మన భోజనంలో ఆఖరి వంట తినేవాడి చేతివేళ్ల మధ్య జరుగుతుంది. ఒకే పప్పు నెయ్యితో ఒక ముద్ద, ఆవకాయతో ఒక ముద్ద, వడియంతో ఒక ముద్ద. వైన్ జత కట్టాల్సింది వంటకంతో కాదు, ముద్దతో.

ముద్దపప్పు, నెయ్యి, పక్కన షిరాజ్. బాగుంది. నెయ్యి నాలుకకి పూత వేసింది, వగరు గీరలేదు. నా అపనమ్మకం ఒక మెట్టు దిగింది. అదే పప్పులో ఇంత ఆవకాయ ముక్క వేసి కలిపి, మళ్లీ అదే షిరాజ్ గుక్క. నోరు భగ్గుమంది. వైన్ ఇనుప కడ్డీ నాకినట్టు తగిలింది. ఆవకాయ మామూలు ఆవకాయే, రోజూ తినేదే. దానికి ఇంత మంట ఎక్కడిది?

మిత్రుడు నవ్వి, ఫోన్లో ఒక పరిశోధన పత్రం తెరిచి నా చేతికిచ్చాడు. చీటీ తర్వాత ఈ వారం నేను వదలకుండా చదివింది అదే.

మంటకి అసలు లెక్క

మిరపకాయ నాలుకని కాల్చదు, కాలుతోందని నమ్మిస్తుంది. మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే చిన్న ద్వారాలున్నాయి. పేరు టీఆర్‌పీవీ1. ఒళ్లు కాలేంత వేడి తగిలితే అవి తెరుచుకుని మెదడుకి కబురు పంపుతాయి. మిరపకాయలోని క్యాప్సైసిన్ అదే ద్వారాన్ని దొంగతాళంతో తీస్తుంది. 1997లో దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

నా చేతికొచ్చిన పత్రం 2002లో "నేచర్ న్యూరోసైన్స్" పత్రికలో అచ్చయింది. అందులో ప్రశ్న ఒకటే: ఈ ద్వారం మీద ఆల్కహాల్ ఏం చేస్తుంది? జవాబు చదివి ఆవకాయ ముద్ద వైపు మళ్లీ చూశాను. సుమారు 42 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన ద్వారం ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీల దగ్గరే తెరుచుకుంది.

మన ఒంటి వేడి 37. అంటే మన నోటి సొంత వెచ్చదనమే మనకి మంటగా తెలియొచ్చు. గాయం మీద స్పిరిట్ రాస్తే చురుక్కుమనడమూ ఇందుకే. ఇది ప్రయోగశాలలో కణాల మీద చూసిన లెక్క. భోజనం దగ్గర రెండు గుక్కల వైన్‌తో అచ్చంగా ఎనిమిది డిగ్రీలు దిగుతుందని కాదు. కానీ దారి ఎటో తెలిసిపోయింది. ఆల్కహాల్ కారాన్ని చల్లార్చదు, ఎగదోస్తుంది. క్యాప్సైసిన్ ముందే గొళ్లెం తీసిన తలుపుని 14 శాతం ఆల్కహాల్ బార్లా తోస్తే, మంటకి ఒరుసుకుపోయిన నాలుక మీద వగరు వచ్చి గీరుతుంది. "స్పైసీ ఫుడ్‌తో దిట్టమైన రెడ్ వైన్" అన్న సలహా అగ్గి మీద కిరసనాయిలు పోయడమే.

అయితే కారానికి కావలసిందేమిటి? తక్కువ ఆల్కహాల్, తక్కువ వగరు, కాస్త తీపి, బాగా చల్లదనం. షెనిన్ బ్లాఁ గ్లాసు ముందుకి జరిగింది. అదే ఆవకాయ ముద్ద, అదే నోరు. మంట పోలేదు కానీ కూర్చుని మాట్లాడుకునే స్థాయికి దిగింది. పండుమిరప పచ్చడిలో చిన్న బెల్లంముక్క ఎందుకు వేస్తారో మా అమ్మకి ఏ పత్రమూ చదవకుండానే తెలుసు.

గోంగూరది వేరే తరహా దబాయింపు. గోంగూర ముద్ద తిన్న నోటికి షిరాజ్ కాచి చల్లార్చిన నీళ్లలా తోచింది. తిండి పులుపు కంటే వైన్ పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది. పాయసం తిన్నాక కాఫీలో పంచదార వేయలేదనిపించినట్టు. సవిన్యోఁ బ్లాఁ ఒక్కటే గోంగూర ఎదుట నిలబడింది. మధ్యలో పచ్చి ఉల్లిపాయ కొరికితే ఇంకా బాగుంది. పులుపుకి పులుపే మొగుడు.

చేపల పులుసుతో ఎర్రది వద్దన్న పాత సూత్రానికీ కారణం దొరికింది. 2009లో జపాన్‌లోని మెర్షియన్ సంస్థ పరిశోధకులు రకరకాల వైన్‌లని సముద్రపు ఆల్చిప్పల మాంసంతో రుచి చూపించారు. వైన్లో ఇనుము ఎక్కువైన కొద్దీ నీచువాసన పెరిగింది. ఎర్ర వైన్లలో ఇనుము ఎక్కువగా ఉండటం మామూలు. అమ్మమ్మలు చేపల పులుసుని ఇనప మూకుట్లో కాక మట్టి దాకలో పెట్టడం నాకు వెంటనే గుర్తొచ్చింది. చింతపండు ఇనుముని కరిగిస్తుంది కదా!

పెట్టె: ఊరి పేరు మోసే ద్రాక్ష

బెంగళూరు బ్లూ. నగరం చుట్టుపక్కల, చిక్కబళ్లాపురం, కోలారు జిల్లాల్లో పండే నల్లని గుండ్రని ద్రాక్ష. నొక్కితే తొక్క చేతిలో, గుజ్జు నోట్లో. 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అమెరికా జాతి అడవి ద్రాక్ష రక్తం ఇందులో ఉంది. ఆ జాతికి ఒక ముదురు వాసన ఉంటుంది, ఇంగ్లీషు వైన్ పండితులు దాన్ని "ఫాక్సీ" అంటారు. నక్కకి అందని ద్రాక్ష పుల్లన అని మన కథ. అందిన ద్రాక్షలో నక్క వాసన అని వాళ్ల పేచీ! పండితులు ముఖం చిట్లించినా, దీంతో చేసే తీపి వైన్ చవక, జ్యూసు జోరు. ఈ జిల్లాల తోటల్లో తెలుగు ఇంటిభాష. తెలుగులో తత్వాలు చెప్పిన కైవారం తాతయ్యదీ ఈ నేలే.

పెట్టె: హంపీ కొండల్లో తెలుగువారి తోట

హైదరాబాద్‌లో గ్రాన్యూల్స్ ఇండియా మందుల కంపెనీ స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఆయన భార్య ఉమ కలిసి హంపీ దగ్గరి కొండల నడుమ ద్రాక్షతోట వేసి క్రస్మా ఎస్టేట్స్ పేరుతో వైన్ చేస్తున్నారు. క్రస్మా అంటే కృష్ణ, ఉమ పేర్ల కలయిక. ఏడు ఖండాల్లోనూ మారథాన్లు పరిగెత్తిన జంట. కాబెర్నే సవిన్యోఁ, సాంజియోవేజే, సవిన్యోఁ బ్లాఁ వీరి ద్రాక్షల్లో కొన్ని. అక్కడికి దగ్గర్లోని విజయనగరం బజారుల్లో 1520 ప్రాంతంలో తిరిగిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ దానిమ్మలు పణానికి పది వస్తే ద్రాక్ష మూడు గుత్తులు వస్తుందని రాసుకున్నాడు. గుత్తి లెక్కన చూస్తే దానిమ్మ కంటే అదే ఖరీదు.

చరిత్ర, గడియారం చూసుకుంటూ

సంపాదకులు చరిత్ర కూడా ఉండాలన్నారు కాబట్టి ఒక్క ఊపిరిలో: ద్రాక్షరసంతో చేసిన మద్యాన్ని అర్థశాస్త్రం "మధువు" అంది, అది పుట్టిన చోటుని బట్టి కాపిశాయనం, హారహూరకం అని పేర్లు చెప్పింది. నేల పేరే వైన్ పేరు కావడం ఫ్రాన్సువాళ్లే కనిపెట్టలేదన్నమాట. 1890 ప్రాంతంలో హైదరాబాద్‌లో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష నాటించారు, ఇప్పుడు చిక్కబళ్లాపురం వైపు పండే దిల్‌ఖుష్ దాని సంతానమే. 1980ల ఆఖర్న కన్వల్ గ్రోవర్ నంది కొండల కింద, దొడ్డబళ్లాపురం దగ్గర ఫ్రెంచి ద్రాక్ష పెట్టారు. 1990ల మధ్యలో బోర్డో నుంచి మిషెల్ రోలాఁ సలహాదారుగా వచ్చారు. 2012లో నాసిక్ వైపు సంస్థతో కలిసి గ్రోవర్ కంపెనీ గ్రోవర్ జంపా అయింది. ఐరోపాలో చలికాలం తీగని నిద్రపుచ్చుతుంది. ఇక్కడ నిద్రలేదు, కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వేసవి ముదరక ముందే కోస్తారు. అంతే. మిగతాది ఇంకో ఆదివారం.

నంజుకోవడం

మధ్యాహ్నం మూడు దాటింది. ఆకు మీద సగం ఖాళీ. నాకు అర్థమైనదాన్ని ఇంగ్లీషులో పెయిరింగ్ అంటారు. మనకి దానికంటే మంచి మాట ఉంది. నంజుకోవడం. పప్పన్నంలోకి వడియం, పెసరట్టులోకి అల్లప్పచ్చడి, మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయ. నంజుకునేది కడుపు నింపదు, ముద్దకి తోడొస్తుంది. ఏ ముద్దకి ఏది నంజుకోవాలో మన పిల్లలకి ఆరేళ్లకే తెలిసిపోతుంది. పట్టిక చూపించి ఎవరూ నేర్పరు.

మన తాగుడులో మాత్రం ఇది తిరగబడింది. మందు ముందు, వేరుశెనగలో చికెన్ ముక్కలో దానికి "స్టఫ్", భోజనం ఎప్పుడో అర్ధరాత్రి, అప్పటికి చల్లారిపోయి. అక్కడ తిండిని మందుకి నంజుకుంటాం. వైన్ అడిగేది దీనికి ఎదురు: అన్నమే ముఖ్యం, నేను పక్కన ఉంటాను, నన్ను నంజుకో అంటుంది. అలా పెట్టుకుంటే ఒక గ్లాసు ఒక భోజనానికి సరిపోతుంది. నాలుగు సీసాలు తెరిచిన ఆ మధ్యాహ్నం మేమిద్దరం కలిసి తాగింది అరసీసా దాటలేదు. మిత్రుడు ఎలాగూ ఆటోలోనే వెళ్లాడు.

పెట్టె: ఆకు మీద ఏది దేనితో

మిరపకాయ బజ్జీ: నురగ వైన్. బుడగలు నూనెని కడిగేస్తాయి. చల్లగా ఉండాలి.

ముద్దపప్పు, నెయ్యి: ఏదైనా సరే, షిరాజ్ కూడా. ఆవకాయ కలిపితే మాత్రం సీసా మార్చండి.

గోంగూర, టమాటా పప్పు, పులిహోర: సవిన్యోఁ బ్లాఁ.

ఆవకాయ, పండుమిరప, ఆంధ్రా చిల్లీ చికెన్: కాస్త తీపి ఉన్న షెనిన్ బ్లాఁ. ఇంకా మండితే మంచినీళ్లు కాదు, మజ్జిగ.

మిరియాల కోడి, వేట మాంసం వేపుడు: షిరాజ్. కారం పొడి తగ్గించినప్పుడే.

చేపల పులుసు: ఎర్రది వద్దు.

వేడి సంగతి: "గది ఉష్ణోగ్రత" అన్నది ఐరోపా గది సంగతి, పదహారు పద్దెనిమిది డిగ్రీలు. ఏప్రిల్‌లో బెంగళూరు గది 33 చూపిస్తుంది. ఎర్ర వైన్‌ని కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

చివర్లో పెరుగు

ఆఖరికి పెరుగన్నం కలిపాను. నాలుగు గ్లాసులూ వరసగా ప్రయత్నించాను. నాలుగూ ఓడిపోయాయి. తీపిది పెరుగు పక్కన వెకిలిగా ఉంది, పుల్లది పులుపు మీద పులుపై పళ్లు జివ్వుమనిపించింది, నురగది విరిగిన పాలలా తోచింది. షిరాజ్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

"పెరుగు పాల ప్రొటీన్ కదా అన్నా" అన్నాడు మిత్రుడు, చెయ్యి కడుక్కుంటూ. కేసీన్ అనే ఆ ప్రొటీనే నాలుక మీది క్యాప్సైసిన్‌ని లాగేసి మంట ఆపుతుంది. వైన్ తయారీలో వగరు మరీ ఎక్కువైతే దాన్ని లాగేయడానికి పీపాల్లో కలిపే పదార్థాల్లోనూ కేసీన్ ఒకటి. మిరపకాయ చేసిన గొడవా, ద్రాక్షతొక్క చేసిన గొడవా రెండూ అదే తీరుస్తుంది. అది వచ్చాక వైన్‌కి ఇక చేయడానికి పని లేదు.

సంపాదకులు రాత్రి ఫోన్ చేశారు. "ఇంతకీ మన భోజనానికి వైన్ పనికొస్తుందంటారా?" మజ్జిగ దాకా వస్తుందండీ, అన్నాను. సీసాలకి మూతలు బిగించి ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఊరమిరపకాయ ఒకటి మిగిలి ఉంది.